ల్యాంప్ రూంలో రెండు గంటల చప్పుడు

లక్సెట్టిపేట దాటాక వచ్చే ఆ బొగ్గుబాయి కాలనీలో, చీకటి పడితే ఒకప్పుడు కార్మికులు దీపాలు అప్పజెప్పిన పాత ల్యాంప్ రూం వైపు ఎవరూ పోరు. పన్నెండేళ్ల కింద బాయిలో పైకప్పు కూలింది. షిఫ్టు ముగిశాక దీపాలన్నీ కొక్కేలకు చేరాయి... ఆ పైకప్పు కింద చనిపోయిన హనుమండ్లుది తప్ప.

తర్వాత ఆ గదిలో పెద్ద కంప్యూటర్ పెట్టారు — అరవై యంత్రాలు ఒక్కటై లెక్క కట్టే రకం. ఏ పైకప్పు ఎంత బరువు మోయగలదో చెప్పడం దాని పని. మూడు వారాలుగా, రాత్రి రెండు కాగానే, ఎవరూ ముట్టకుండానే ఫ్యాన్లు హోరుమంటున్నాయి. ఆపై మూడు కూతలు... మళ్లీ హోరు. హనుమండ్లు దీపం అప్పజెప్పడానికి వస్తున్నాడని కాలనీ అంతా అనుకుంది.

ఆ కంప్యూటర్ చూసుకునే సిద్ధుది రాత్రి డ్యూటీ. బయటి గదిలో కూర్చునేవాడే గాని ఆ తలుపు తీసేవాడు కాదు. అతని భయం వేరు.

ప్రోగ్రాం మార్చిన ప్రతిసారీ ఆ యంత్రం పాత ప్రమాదాల లెక్కలన్నీ తనంత తానే మళ్లీ చేస్తుంది. వచ్చిన జవాబును అసలు జరిగిందేమిటో ముందే రాసి దాచిన జవాబుతో పోల్చి చూస్తుంది. హనుమండ్లు ప్రమాదానికి దాచిన జవాబు — 'కూలుతుంది'. మూడు వారాల కింద కొత్త ప్రోగ్రాం ఎక్కించగానే 'నిలుస్తుంది' అని వచ్చింది. ఎర్ర గీత పడింది. తప్పెక్కడో వెతకాలంటే రెండు రోజులు. తెల్లవారితే వేములవాడలో బిడ్డ పుట్టువెంట్రుకలు. సిద్ధు దాచిన జవాబునే మార్చేశాడు. గీత పచ్చబడింది. తెలియక చేసిన తప్పు కాదది.

ఆ రాత్రి కూడా రెండింటికి హోరు మొదలైంది. మెట్ల మీద ఏదో కదిలింది... సిద్ధు కుర్చీ వెనక్కి జరిపాడు.

"నేనే బిడ్డా, లస్మవ్వను." హనుమండ్లు భార్య. అక్కడే ఊడ్చే పని చేస్తుంది. "జర మెల్లగ... మా ఆయన వచ్చిండు. రోజూ గిక్కడ్నే కూసుంట. గట్ల వణుకుతవేంది? మంచోడే, కరవడు."

ఆమె ముందు సిగ్గుపడి తలుపు తీశాడు. తెర మీద ఒకే మాట — 'జవాబు కలవలేదు'. ఇదివరకు ఈ పని చేసిన జ్యోతిరాణి పాత జవాబుల నకలు ఇంకోచోట దాచి వెళ్లిందని వెతికితే తెలిసింది. యంత్రం రోజూ రాత్రి రెండింటికి దానితోనూ పోల్చుతోంది, కలవకపోతే కూత పెట్టి మళ్లీ లెక్క చేస్తోంది. దయ్యం లేదు, ఏమీ లేదు!

నవ్వు వచ్చింది... సగంలోనే ఆగిపోయింది. ఇప్పుడు రాత్రి షిఫ్టు పనిచేస్తున్న చోట పైకప్పు నిలుస్తుందని చెప్పింది ఈ కొత్త ప్రోగ్రామే.

ఫోన్ ఎత్తాడు. "నాగరాజన్నా, జనాన్ని పైకి తియ్యి."

బాయిలో షిఫ్టు చూసే ఓవర్‌మన్ నాగరాజు కసిరాడు. "నిద్రల మాట్లాడుతున్నవా? ఎవడు జెప్పిండు?"

"లెక్క తప్పన్నా... తప్పు నాది. నేనే మార్చిన."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు... వెంటనే బాయి సైరన్ మోగింది.

సిద్ధు పాత ప్రోగ్రాం ఎక్కించాడు. అసలు జవాబును తిరిగి పెట్టాడు. ఈసారి రెండూ కలిశాయి. ఫ్యాన్లు తగ్గి తగ్గి... గది మూగబోయింది. నాలుగింటికి నాగరాజు ఫోన్ చేశాడు. అందరూ పైకి వచ్చారు.

లస్మవ్వ గడప దగ్గరికి వచ్చింది. "ఏం జేసినవ్ బిడ్డా? మా ఆయన చప్పుడు బందైంది."

ఏదో ఒకటి చెప్పి పంపేయవచ్చు. కానీ అబద్ధానికి ఇక నోరు రాలేదు. ఎర్ర గీత పోవాలని, హనుమండ్లు మీది పైకప్పు కూలదని రాశానని తల వంచుకుని చెప్పాడు.

ఆమె గడప మీద కూర్చుంది.

"కూలదని రాసినవా?... మరి మా ఆయన ఎట్ల సచ్చిండు బిడ్డా?"