మాడిన పోపు

2071 నాటికి విశాఖ షేర్ మార్కెట్లో తెరలు చూసేవాళ్ళు లేరు. అంకెలు చూసి కళ్ళు పోగొట్టుకున్నది చాలని అందరూ ముక్కు కింద గంధసూచిక తగిలించుకుంటున్నారు. బఠాణీ గింజంత క్లిప్పు అది. షేరు పెరిగితే మల్లెపూల వాసన, పడబోతుంటే మాడిన పోపు వాసన.

ఆ పోపు వాసనను ఎంచుకున్నది గంధసూచికను కనిపెట్టిన వకుళే. ఇంగువ, ఎండుమిర్చి మాడిన వాసన తగిలితే తెలుగువాడెవడూ కుర్చీలో కూర్చోడు, స్టవ్ కట్టేయడానికి పరిగెడతాడు. ఆ పరుగే ఆమెకు కావాలి.

విశాఖలో దాని పరీక్షకు ఇవాళే ఆఖరి రోజు. మార్కెట్ డైరెక్టర్ పైడిరాజు సంతకం పెడితే గంధసూచిక దేశమంతా వెళుతుంది. పెట్టకపోతే వకుళ ల్యాబ్‌కు తాళమే.

మధ్యాహ్నం దాకా హాలంతా మల్లెతోటే. ఉన్నట్టుండి ఒకరి తర్వాత ఒకరు సముద్రనాచు కంపెనీ షేర్లు అమ్మేయడం మొదలుపెట్టారు. వకుళ ముక్కుకూ మాడు వాసనే. ధర దబ్బున కూలింది.

పైడిరాజు కంగారుగా వచ్చాడు. "ఏటమ్మా ఇది? ఆ కంపెనీకి ఏటైంది?"

క్లిప్పులకు వాసనలు పంపే యంత్రం వకుళ చెవిలో మాట్లాడుతుంది, దాన్నే అడిగింది. "నాసికా, ఈ హెచ్చరిక ఎందుకిచ్చావు?"

"నేనివ్వలేదు మేడం. ఆ షేరుకి పొద్దున్నుంచీ మల్లెపూలే ఇస్తున్నాను."

వకుళ క్లిప్పు తీసి చూసి మళ్ళీ పెట్టుకుంది, రెండుసార్లూ అదే మాడు వాసన. వాసన పట్టుకుంటూ వెళితే క్యాంటీన్ తగిలింది. వంటమనిషి అప్పలమ్మ నల్లగా మాడిన మూకుడు సింకులో పడేసి నిలబడి ఉంది.

"పోపు మాడిపోనాదమ్మా. ఫోన్లో మా అక్కతోటి మాటల్లో పడ్డాను. పప్పు ఇంకో పావుగంట ఆగాల."

వెనకే వచ్చిన పైడిరాజు ఆ మూకుడిని, వకుళని మార్చి మార్చి చూశాడు. ల్యాబ్ తాళం చప్పుడు వినిపించినట్టయింది వకుళకు.

"అయితే నీ మెషిన్ తప్పు లేదన్నమాట. ముందుగా అమ్మిన తొందరగాడెవడో కనుక్కో. వాణ్ణి చూసే మిగతావాళ్ళు అమ్ముంటారు."

"నాసికా, ముందు అమ్మిందెవరు?"

"మీరే మేడం. వాసన తగిలిన వెంటనే మీ వేలు మీ సముద్రనాచు షేర్ల అమ్మకం మీట నొక్కేసింది. మీకు తెలిసినట్టు లేదు."

చెవి యంత్రంలోంచి ఆ మాట పైడిరాజుకూ వినిపించింది. వకుళ ముఖం దాచుకోబోయింది. పైడిరాజు మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఆ వాసన తయారుచేసిన మనిషినే పరిగెత్తించిందంటే ఇంకేటి పరీక్షమ్మా. కాగితాలు తే, సంతకం పెట్టేస్తాను. ఒక్కటే షరతు, క్యాంటీన్ వేరే బిల్డింగ్‌కి పంపించీ."

వకుళ కాగితాల కోసం గబగబా తిరిగింది. అంతలో క్లిప్పులోంచి ఘుమఘుమలాడుతూ మల్లెల వాసన.

"మీరు అమ్మేసిన షేరే మేడం," అంది నాసిక. "మళ్ళీ లేస్తోంది."