తూటా కడుపులో పేరు

షూటింగ్ పోటీల్లో మనిషిని చంపడం తేలిక. అన్ని తుపాకులు మోగుతుంటే ఒక్కటి ఎక్కువ మోగిందని ఎవరికి తెలుస్తుంది?

మోంటానాలో, కార్విన్ ఫ్లాట్ రేంజ్‌లో ఆ ఉదయం అదే జరిగింది. రహస్య సమాచారం మోసే కొరియర్ ట్వీట్, ఏజెంట్ హార్లన్ బ్రెక్‌తో చెయ్యి కలిపి, అలాగే ముందుకు ఒరిగిపోయాడు. వీపులో గుండు దిగింది. హార్లన్ అరచేతిలో ఒక రైఫిల్ తూటా మిగిలింది.

"దీని కడుపులో ఉంది... రాంచ్‌లో ఉన్న ద్రోహి పేరు..." ట్వీట్ గొంతు అంతటితో ఆగిపోయింది.

హార్లన్ రోడ్డు పక్క బూత్ నుంచి చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"తూటా ముట్టుకోకు," అన్నాడు చీఫ్. "సెలెస్ట్ వార్డ్ విమానంలో వస్తోంది. ఆమెకిస్తే ల్యాబ్‌కి తీసుకెళ్తుంది."

"డాక్టర్ మిలాడాని రాంచ్ నుంచి తరలించేది ఈ మధ్యాహ్నమే కదా సర్?"

"అవును. పన్నెండుకి."

మిలాడా సరిహద్దు దాటి వచ్చిన రాకెట్ శాస్త్రవేత్త. ఆమెను ఊరవతల పశువుల రాంచ్‌లో దాచారు. ఆమెను ప్రాణాలతో వదలకూడదని ఆవలి దేశపు ముఠా పంతం పట్టింది.

"ల్యాబ్ వాళ్లు పేరు చదివేసరికి ఆమె శవమై ఉంటుంది సర్. పోనీ రాంచ్‌కి ఫోన్ చేద్దామంటే, ఎత్తినవాడే ద్రోహి కావచ్చు. ఆ తూటా నేనే విప్పుతాను."

"బ్రెక్, ఇది ఆర్డర్!"

"నా మీద రిపోర్ట్ రాసుకోండి. స్పెల్లింగ్ బి, ఆర్, ఇ, కె." ఫోన్ పెట్టేశాడు.

ఊళ్లో తుపాకుల దుకాణం అగస్టాది. ఒకప్పుడు ఆమె హార్లన్ భార్య. కౌంటర్ మీద పోర్క్ చాప్ శాండ్‌విచ్ తింటున్నదల్లా అతన్ని చూసి నమలడం ఆపేసింది.

"విడాకుల కాగితాల మీద ఇంకో సంతకం కావాలా?"

"పుల్లర్ కావాలి."

రంపంతో కొయ్యొచ్చు. కానీ తూటా అడుగున మందుని అంటించే ప్రైమర్ బతికే ఉంది. ఒక్క నిప్పురవ్వ చాలు, లోపల పేరు దాచిన ఫిల్మ్ బూడిదవుతుంది. సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లు తప్పుగా నింపినదాన్ని విప్పడానికి వాడేది పుల్లర్. చూడటానికి ప్లాస్టిక్ సుత్తి. తూటాను దాని తలలో బిగించి కొడితే, సుత్తి ఆగినచోట గుండు ఆగదు. ఇత్తడి గొట్టంలోంచి ముందుకు జారిపోతుంది.

హార్లన్ దాన్ని పిడికిట బిగించి, ట్వీట్‌ని చంపినవాడి మీది కోపమంతా కలిపి సిమెంటు నేల మీద బాదాడు. ఠాప్! సుత్తి తల నిలువునా చీలింది. గుండు మాత్రం కదల్లేదు.

"కాపురం కూడా ఇలాగే చేశావు," అంది అగస్టా. "ఎందుకయ్యా అంత ఆవేశం? దానికి కావలసింది బలం కాదు, ఎదురుదెబ్బ." ఇంకో పుల్లర్ తీసి, అడుగున కాస్త దూది పెట్టింది. "అదిగో, ఆ ఓక్ మొద్దు మీద కొట్టు. గట్టిగానే ఉంటుంది, పుల్లర్‌ని చంపదు. పిడి వదులుగా పట్టుకో. ఎగరనివ్వు."

హార్లన్ కొట్టాడు. ఆగి, మళ్లీ కొట్టాడు. గుండు కదల్లేదు.

అగస్టా తూటాను బయటికి తీసి, భూతద్దం కింద దాని మెడ చూసింది. "లక్క పోసి అతికించారు. ముందు తూటాలు నొక్కే ప్రెస్‌లో పెట్టి గుండుని వెంట్రుకవాసి లోపలికి నొక్కాలి. అతుకు విడిపోతే ఆ తర్వాత..."

"ఆ తర్వాత పని నాది," అంది గుమ్మం దగ్గర మరో గొంతు.

సెలెస్ట్ వార్డ్. నక్కతోలు కాలర్, ఎర్రని గ్లవ్స్, కొట్టంతా పరిమళం. చేతిలో లిప్‌స్టిక్ గొట్టం, దాని చివర చిన్న తుపాకీ రంధ్రం.

"ట్వీట్‌ని కొట్టింది నువ్వేనా?" అడిగాడు హార్లన్.

"నాకు పోటీలంటే ఇష్టం డియర్. విమానం నిన్ననే దిగింది, రేంజ్ నుంచి నీ వెనకే వచ్చాను. తూటాని మళ్లీ పుల్లర్‌లో బిగించు. లోపలున్నది నా కళ్లతో చూసి, నా చేత్తో కాల్చేస్తాను."

"ముందు ప్రెస్‌లో నొక్కాలి."

"కబుర్లతో కాలం గడుపుదామనా? బిగించు!"

హార్లన్ బిగించి ఇచ్చాడు. ఆమె తుపాకీ అతని మీద నుంచి తిప్పకుండానే, ఎడమ చేత్తో పుల్లర్ అందుకుంది. పక్కనున్న ఇనుప దాగలిని చూసింది.

"దాని మీద కొట్టకు," అంది అగస్టా. "పగిలిపోతుంది."

"నాకు నీతులు చెప్పకు, కొట్టుదానా!"

శక్తికొద్దీ బాదింది. సుత్తి తల ముక్కలై ఆమె మొహం మీదికి ఎగిరింది. కళ్లు మూసుకుంది. ఆ ఒక్క క్షణంలో అగస్టా సీసపు గుళ్ల సంచీ ఎత్తి ఆమె మణికట్టు మీద వేసింది. లిప్‌స్టిక్ పేలి పైకప్పుకి బొక్క పడింది. హార్లన్ సెలెస్ట్‌ని కుర్చీకి కట్టేశాడు.

తూటా బల్ల కింద దొరికింది, చెక్కుచెదరలేదు.

"పుల్లర్ ఇదే ఆఖరిది," అంది అగస్టా. "పన్నెండు కావస్తోంది. పగిలిందా, అంతే."

"ఆలస్యమైంది బ్రెక్," కుర్చీలోంచి నవ్వింది సెలెస్ట్. "అవతల ఇంజన్ స్టార్టయ్యే ఉంటుంది. ఇంకా గట్టిగా కొట్టవేం?"

హార్లన్ ఆమెను పట్టించుకోలేదు. తూటాను ప్రెస్‌లో పెట్టి మీట మెల్లగా దించాడు. టిక్. అతుకు విడింది. పుల్లర్‌లో పెట్టి మూత బిగించాడు, అతిగా కాదు. పిడి వదులుగా పట్టుకున్నాడు. ఓక్ మొద్దు మీద ఒక దెబ్బ, ఇంకొకటి, మరొకటి. చేతులు తొందరపడుతున్నాయి, అతను తొందరపడనివ్వలేదు. గుండు జారి దూదిలో పడింది. వెనకే చుట్టచుట్టిన ఫిల్మ్.

భూతద్దం కింద పెట్టి చదివాడు. రోర్క్. రాంచ్ కాపలాదళం నాయకుడు! కింద ముఠా సంకేతవాక్యం కూడా ఉంది.

సెలెస్ట్ నవ్వు ఆగిపోయింది.

హార్లన్ రాంచ్‌కి ఫోన్ చేశాడు. అవతల ఎత్తింది రోర్కే.

"త్వరగా చెప్పండి. కారెక్కిస్తున్నాం."

హార్లన్ ఫిల్మ్ మీది సంకేతవాక్యం నిబ్బరంగా చదివాడు: "ఎల్క్ జింకల మందలు ముందుగానే లోయలోకి దిగాయి."

రోర్క్ గొంతు తగ్గింది. "ఎవరు మీరు?"

"సెలెస్ట్ మనిషిని. దారిలో పోలీసులున్నారు, ప్లాన్ మారింది. డాక్టర్ని లోపలికి పంపించు. సెల్లార్‌లో వైర్‌లెస్ దాచాం, వెళ్లి వెతుకు. ముందు వంటామెకి ఫోనివ్వు. ఆవిడకి అనుమానం రాకుండా నేను కబుర్లు చెబుతుంటాను."

వంటామె ఒపల్ ఫోన్ అందుకుంది. "ఎవరయ్యా? పొయ్యి మీద కూర మాడుతోంది."

"అమ్మా, రోర్క్ సెల్లార్‌లోకి దిగుతాడు. దిగగానే గడియ పెట్టెయ్. వాడు డాక్టరమ్మని చంపబోతున్నాడు."

ఒపల్ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. తర్వాత దభీమని తలుపు, ఇనుప గడియ. దూరంగా ఇంజన్ ఆగిపోయింది.

హార్లన్ గోడకి చేరగిలబడ్డాడు. అగస్టా తన శాండ్‌విచ్‌లో సగం అతని చేతిలో పెట్టింది.

"డాక్టరమ్మ నా దగ్గరే ఉంది," అంది ఒపల్, మళ్లీ ఫోన్లోకి వచ్చి. "కాఫీ ఇచ్చాను. కానీ వాడు లోపల తలుపు బాదుతున్నాడు. ఆ గదిలో నా హకల్‌బెర్రీ జామ్ సీసాలున్నాయి. ఒక్కటి పగిలినా ఊరుకోను. దుంపలు కోసే కత్తి పట్టుకుని తలుపు దగ్గరే కూర్చున్నా."

హార్లన్ వెంటనే షెరీఫ్‌కి ఫోన్ చేసి తొందరపెట్టాడు. రోర్క్ ప్రాణాలకి ఇప్పుడు నిజంగానే ముప్పు వచ్చింది.