ఒళ్లోది, గుండె మీదది

పసిపిల్లతో విమానం ఎక్కితే మనుషుల అసలు రంగు బయటపడుతుంది. నేను నడవలోకి అడుగు పెట్టగానే తలలన్నీ లేచాయి, ఏ వరుస దగ్గర ఆగుతానో అని. దాటిపోతుంటే వెనక వాళ్లు హమ్మయ్య అనుకోవడం తెలుస్తూనే ఉంది. నా సీటు ఎదురుగా గోడ ఉన్న వరుసలో. పక్క సీటాయన మా బుడ్డదాన్ని చూసి భలే ముద్దొస్తోందన్నాడు. ఆ మాట అన్నంతసేపు పట్టలేదు, ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచి ఏదో గొణిగి, వెనక ఖాళీ ఉంటే అక్కడికి చెక్కేశాడు. నాకు కావలసిందీ అదే. ఆ సీట్లో డైపర్ల సంచి కూర్చోబెట్టాను.

నేను నర్సుని. అప్పుడే పుట్టిన పిల్లలుండే వార్డు నాది. పురిటి సెలవు అయిపోయింది, వెళ్లి డ్యూటీలో చేరాలి. నేను పనిచేసే ఊళ్లోనే అక్కా బావా ఉంటారు. పిల్లని తను చూసుకుంటానంది అక్క. మా ఆయన వీసా కాగితాలు ఇంకా తేలలేదు. అందుకని ఇంత దూరం నేనూ, ఐదో నెల నడుస్తున్న బుడ్డదీ, ఇద్దరమే. ఎయిర్‌పోర్టులో ఆయన పిల్లని వదలడు. దాని అరికాళ్లు మళ్లీ మళ్లీ ముద్దు పెట్టుకుని, "దీన్ని క్షేమంగా అక్క చేతిలో పెట్టు, ఇంకేమీ వద్దు," అన్నాడు. పార్శిలా ఏమిటి అని నవ్వాను. వార్డు నిండా ఊరివాళ్ల పిల్లల్ని ఎత్తి దించేదాన్ని, నా ఒక్క పిల్లని మోసుకెళ్లలేనా అని ధీమా.

మా వార్డులో ఒక పద్ధతి ఉంది. నిప్పు అలారం మోగితే ఎదురుగా ఉన్న తొట్టిలోంచి పిల్లని తీసి, గుండెకి హత్తుకుని బయటికి నడవాలి. ఎవరి పిల్ల అని చూడకూడదు. ఆలోచిస్తే ఆలస్యం. తల్లి పేరు రాసి పిల్లకి కట్టిన చేతి పట్టీలు బయటికొచ్చాక చూసుకుంటాం. ఇది మాచేత ఎన్నిసార్లు చేయించారో, గంట వినపడితే చాలు, మా చేతులు మమ్మల్ని అడగకుండానే లేస్తాయి.

విమానం పైకెక్కి నిలదొక్కుకున్నాక, పొడుగ్గా ఉన్న ఎయిర్‌హోస్టెస్ ఒకమ్మాయి వచ్చి ఎదుటి గోడకి చిన్న తొట్టి బిగించింది. సీటు బెల్టు గుర్తు వెలిగితే మాత్రం పిల్లని తొట్టిలో ఉంచకూడదట. తీసి ఒళ్లో కూర్చోబెట్టుకుని, నా బెల్టుకి తగిలించిన చిన్న బెల్టు దానికి పెట్టాలట. బుద్ధిగా తలూపాను. బుడ్డది పాలు తాగి, తొట్టిలో కాళ్లు బార్లా చాపి నిద్రపోయింది.

బయట మిట్టమధ్యాహ్నం. లోపల భోజనాలు కాగానే కిటికీలన్నీ మూసేయమన్నారు. ఒక్కొక్క మూత కిందికి దిగుతుంటే వెలుతురు సన్నబడి, చివరికి నేల మీద వరసగా వెలిగే చిన్న దీపాలే మిగిలాయి. అంత ఎండని రేకు మూతల అవతల పెట్టి, ఇంతమంది పెద్దవాళ్లు బుద్ధిగా దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. వేడి చేసిన కూర వాసన, విప్పిన బూట్ల వాసన, పాలు కక్కిన గుడ్డ వాసన కలిసిపోయాయి. ఇంజను హోరు చెవుల్లో కాక పళ్లలో వినపడుతున్నట్టుంది.

కాసేపటికి బుడ్డది లేచి రాగం అందుకుంది. చుట్టూ నిద్రపోతున్నారు కదా అని పొడుగాటి గుడ్డతో దాన్ని ఛాతీకి కట్టుకుని, వీపు వెనక గట్టిగా ముడేసి, వెనక్కి నడిచాను. విమానం తోకలో, టీలు కలిపే చోట, కళ్లద్దాలు పెట్టుకున్న ఎయిర్‌హోస్టెస్ ఒకావిడ కాళ్లు చాపుకుని కూర్చుంది. నన్ను సీటుకి పొమ్మనకుండా నాకూ టీ ఇచ్చింది. నిలబడి ఊగుతూ ఊగుతూ తాగాను. బుడ్డది నా గుండె మీద మెల్లగా నిద్రలోకి జారింది.

అప్పుడు ఏడుపు వినిపించింది. ముందు నుంచి, మా వరుస వైపు నుంచి. సన్నగా, ఆగి ఆగి. నెలల పిల్ల ఏడుపు కాదది. పుట్టి పది రోజులు కూడా కాని పిల్ల ఏడుపు. ఆ తేడా నాకు నిద్రలో కూడా తెలుస్తుంది.

ఆవిడ కూడా తలెత్తి వింది. "వెళ్లండమ్మా, మీ రెండోది లేచినట్టుంది," అంది మెల్లగా.

"నాకున్నది ఇదొక్కటే. వేరే ఎవరి పిల్లో."

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుంది. "ఈ విమానంలో చంటిపిల్లకని టికెట్టు మీదొక్కటే..." అంది. తర్వాత తనే నవ్వేసి, ఎవరో ఫోన్‌లో సినిమా చూస్తున్నట్టున్నారులే, చెవుల్లో పెట్టుకుని చూడమని చెప్పాలి అని సర్దుకుంది. నేనూ నవ్వాను. నా నవ్వు నాకే నచ్చలేదు.

తిరిగి నడుస్తుంటే ఏడుపు ఆగిపోయింది. ఎవరో ఎత్తుకున్నప్పుడు ఆగినట్టు, టక్కున. దారి పొడుగునా ఇటూ అటూ చూశాను. ఎవరి చేతిలోనూ ఫోన్ వెలగడం లేదు.

సీట్లో కూర్చున్నాను. బుడ్డదాన్ని విప్పితే లేస్తుందని ఛాతీ మీదే ఉంచుకుని, మెడ దాకా దుప్పటి కప్పుకున్నాను. ఎదురుగా గోడకి తొట్టి నల్లగా ఉంది. లేచి అందులో చెయ్యి పెట్టి చూడాలనిపించింది. చూడలేదు. పిచ్చిదానా అని నన్ను నేనే తిట్టుకుని కళ్లు మూసుకున్నాను.

ఎంతసేపు నిద్రపోయానో తెలియదు. విమానం ఒక్క కుదుపు కుదిపింది. టింగుమని గంట. నెత్తి మీద బెల్టు గుర్తు వెలిగింది. పొడుగమ్మాయి చేతిలో టార్చితో సీట్లు పట్టుకుంటూ పరుగున వచ్చింది.

"మేడం, పాపని తొట్టిలోంచి తీసేయండి. త్వరగా."

నా చేతులు లేచాయి. తొట్టిలోకి వెళ్లాయి. పిల్లని తీశాయి. ఒళ్లో కూర్చోబెట్టి, చిన్న బెల్టు చుట్టి, క్లిక్కుమనే దాకా నొక్కాయి. ఆ అమ్మాయి టార్చి వేసి బెల్టు చూసి, సరే అన్నట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయింది.

నా గుండె మీద బుడ్డది ఎక్కిళ్లు పెట్టింది.

నిద్రమత్తు అనుకున్నాను. మెల్లగా దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చాను. గుడ్డలో చిన్న వీపు. వెచ్చగా. ఎక్కిళ్లకి ఎగిరెగిరి పడుతూ.

మరి... ఒళ్లో?

ఒళ్లోదీ వెచ్చగానే ఉంది. చల్లగా ఉంటే తోసేసేదాన్నేమో. వెచ్చగా ఉండడమే నా ప్రాణం తీసింది. వేళ్లతో తడిమాను. అదే గౌను. మాడు మీద మెత్తటి చోట నాడి కొట్టుకుంటోంది. చెవి వెనక పాల వాసన. నా వేలు దొరకగానే గుప్పిట్లో పట్టుకుంది. దుప్పటి కింద రెండో చేతి వేలిని గుండె మీదది పట్టుకుంది. ఒక్కటే పట్టు.

విమానం కిందికి జారింది. ఎవరో దేవుడా అన్నారు. పిలుపు మీట నొక్కాలంటే ఒక చెయ్యి విడిపించుకోవాలి. ఏ చెయ్యి? రెండిట్లో ఒకటి నా కూతురు. ఒకటి కాదు. వదిలింది నా కూతురైతే...

"బుడ్డీ," అన్నాను.

ఒళ్లో తల నా వైపు తిరిగింది. గుండె మీద తల కూడా తిరిగింది.

వార్డులో ఎంతమంది పిల్లలు కలిసిపోయినా నేను భయపడలేదు, పట్టీలు ఉంటాయి కాబట్టి. ఇక్కడ చీకట్లో తల్లిని, నాకే తెలియాలి. తెలియలేదు. అది ఒప్పుకోవడం కంటే ఏ దెయ్యమూ భయంకరం కాదు. రెండు గుప్పిళ్లనీ పట్టుకుని, ఎవరినీ వదలనమ్మా, ఎవరినీ వదలను అని గొణుక్కుంటూ కళ్లు గట్టిగా మూసుకున్నాను. అన్నిటికంటే పెద్ద కుదుపు ఒకటి వచ్చింది. ఆ తర్వాత అంతా సర్దుకుంది. దీపాలు వెలిగాయి.

ఒళ్లో బెల్టులో పిల్ల. కళ్లు విప్పార్చి నన్నే చూస్తోంది.

ఛాతీ మీద గుడ్డ ఖాళీగా వేలాడుతోంది. వీపు వెనక్కి చెయ్యి పెట్టి చూశాను. ముడి నేను వేసింది వేసినట్టే ఉంది. ఆ ముడి విప్పకుండా అందులోంచి పిల్ల బయటికి రాదు.

పొడుగమ్మాయి వచ్చి పాప బంగారం అంది, అంత కుదుపులోనూ కిక్కురుమనలేదట. తొట్టిలో చూడమన్నాను. ఖాళీ. "నేను దీన్ని తొట్టిలోంచే తీశానా?" అని అడిగాను.

"అదేంటి మేడం, నా ముందే తీశారుగా."

"అప్పుడు నా గుండె మీద ఏముంది?"

"దుప్పటి కప్పుకున్నారు..." అంటూ ఆ అమ్మాయి నా ముఖం చూసి, నీళ్లు తెస్తానని వెళ్లిపోయింది.

పిల్లని తల నుంచి కాళ్ల దాకా వార్డులో చూసినట్టు చూశాను. తొడ మీద సూది మచ్చ ఉంది. మెడ మడతలో చెమటకాయలు ఉన్నాయి. ఏ తేడా లేదు. ఒక్క తేడా దొరికినా బాగుండేది.

దిగి ఎయిర్‌పోర్టు బయటికి రాగానే అక్క పరుగున వచ్చి పిల్లని లాక్కుంది. ఫోన్‌లో చెవులు చిల్లులు పడేలా అరిచేది కదే, ఇంత బుద్ధిమంతురాలు ఎప్పుడైందే అని మురిసిపోయింది. నీ పోలిక వదిలి మా వైపు వచ్చేసిందని బావ నన్ను ఆటపట్టించాడు. మా ఆయనకి ఫోన్ చేసి, అక్క చేతిలో పెట్టానని చెప్పాను. దేన్ని పెట్టానో చెప్పలేదు. ఏడుపు వచ్చింది. అలసట అనుకున్నారందరూ.

ఇంటికెళ్లాక పిల్ల ఒక వైపే పాలు తాగి నిద్రపోయింది. అక్క దాన్ని తన గదిలో పడుకోబెట్టుకుని, నన్ను పడుకోమని తలుపు దగ్గరగా వేసింది. రెండో వైపు రాయిలా గట్టిపడి సలుపుతోంది. లేచాక పట్టొచ్చులే అని అలాగే వాలాను. కిటికీలోంచి సాయంత్రపు ఎండ మంచం మీద పడుతోంది.

మెలకువ వచ్చేసరికి నొప్పి లేదు. ఆ వైపు మెత్తగా, ఖాళీగా ఉంది. పక్క మీద కానీ జాకెట్టు మీద కానీ చుక్క పాలు కారిన తడి లేదు. ఒక హుక్కు తీసి ఉంది. అక్క గదిలోకి వెళ్లి చూశాను. పిల్ల కదలకుండా నిద్రపోతోంది, అక్క దాని పక్కనే ఉంది. ఇప్పటిదాకా లేవలేదే, ఇంత మంచి పిల్లని నేను చూడలేదు అంది.

ఆ పిల్ల ఇప్పుడు పాకుతోంది. నన్ను చూస్తే నవ్వుతుంది, అమ్మ అనబోతోంది. దాన్ని నేను ప్రేమగానే చూసుకుంటున్నాను. కానీ ఏ పూటా రెండో వైపు మాత్రం దానికి ఇవ్వడం లేదు. ఎవరు వచ్చి తాగుతున్నారో నాకు తెలియదు. అదే నా కూతురైతే, ఆకలితో ఉండకూడదు కదా.