కప్పుల గోడౌన్‌లో మంట

భర్త పోయిన మనిషి ఏడుస్తూ వస్తే ఓదార్చడం తేలిక. ఈవిడ ఏడవలేదు. కుర్చీ అంచున కూర్చుని, కొట్లో ఉప్పు అడిగినంత మామూలుగా వచ్చిన పని చెప్పింది. వింటున్న సహాయకురాలికి భయమేసింది.

"మా ఆయన సిగరెట్ కాల్చాడా లేదా, అదొక్కటి తేల్చండి. ఇంకేమీ వద్దు."

ఎదురుగా కూర్చున్న ప్రైవేటు డిటెక్టివ్‌ను ఊళ్లో అందరూ నిదానం గారంటారు. అసలు పేరు బోర్డు మీద ఉంది గానీ దాన్ని చదివే తీరిక ఎవరికీ లేదు. ఆయన మెట్టు మెట్టుకీ ఆగి ఆలోచిస్తాడని పక్క వాటా వాళ్ల ఎగతాళి. లా చదివి ఆయన దగ్గర చేరిన సహాయకురాలికి మాత్రం ఆ ఆగడంలోనే విద్యంతా ఉందని గట్టి నమ్మకం. ఆయన తుమ్మినా అందులో ఏదో తర్కం ఉందనుకునే రకం ఆ పిల్ల.

సంగతి ఇదీ. కాఫీ షాపుల్లో తాగి పారేసే కాగితం కప్పులకు లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఆ పొర వల్ల పాత కాగితం కొనేవాళ్లెవరూ వాటిని ముట్టుకోరు. షాపుల వాళ్లూ కప్పులు చేసేవాళ్లూ కలిసి ఒక సంఘం పెట్టుకుని, ఊరి చివరి కాగితం మిల్లులో కొత్త యంత్రం పెట్టించారు. అది కప్పుల్ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, గిలకొట్టి, పొరను విడదీసి గుజ్జు తీస్తుంది. యంత్రం బిగించేదాకా షాపుల నుంచి కప్పులు తెచ్చి గోడౌన్‌లో నిలవ చేసే కాంట్రాక్టు ఈవిడ అన్నయ్యది. గోడౌన్ వాచ్‌మన్ ఈవిడ భర్త. సంఘం వాళ్ల ముందు యంత్రం తిప్పడానికి ముందు రోజు, సెలవు పూట, గోడౌన్ తగలబడింది. వాచ్‌మన్ లోపలే పోయాడు. సిగరెట్ నిప్పే కారణమని మిల్లు వాళ్లు తేల్చేశారు.

"పాప పుట్టినప్పుడు దాని తల మీద చెయ్యేసి మానేస్తానని ఒట్టేశాడండీ. ఒట్టు తప్పితే పిల్లకి తగులుతుందంటారు. మిల్లు వాళ్లు అంటే నమ్మకపోదును. మా అన్నయ్య కూడా కాలుస్తుంటే చూశానన్నాడు."

నిదానం గారు చిన్న చిన్న ప్రశ్నలు వేశాడు. ఆ రోజు పొద్దున అన్నయ్య ఇంటికి వచ్చాడు. సెలవు నాడు కూడా బావకి ఆ కాపలా ఏమిటమ్మా, ఫోన్ చేసి భోజనానికి రమ్మను అన్నాడు. చేసింది. బయలుదేరుతున్నానన్నాడు ఆయన. అన్నయ్య పాపకి బిస్కెట్లు తెస్తానని వెళ్లాడు. ఆ తర్వాత ఇంటికి మనిషి రాలేదు, కబురు వచ్చింది.

"గోడౌన్ పని కష్టంగా ఉందనేవాడా?"

"లేదండీ, హాయిగా ఉందనేవాడు. అంతకుముందు కప్పులు ఏరే షెడ్‌లో చేసేవాడు. పులిసిన పాల కంపు. చొక్కా గుమ్మం బయటే విప్పించేదాన్ని. గోడౌన్‌కి మారాక ఆ కంపే లేదు. అదీ మా అన్నయ్య పుణ్యమే."

ఆయన తల ఊపి, రేపు మిల్లుకి వెళ్తామన్నాడు.

మర్నాడు ముక్కుకి రుమాలు కట్టుకున్న మేనేజరు వాళ్లను ముందు ఏరే షెడ్‌కి తీసుకెళ్లాడు. ఆడవాళ్లు బల్లల ముందు నిలబడి మూతలు పీకి, అడుగున మిగిలిన కాఫీ వంచి, కప్పులు ఒక పక్కకు విసురుతున్నారు. కొన్ని కప్పులే ఉన్నా ఈగలకు లోటు లేదు. నేల జిగటగా ఉండి అడుగు తీసినప్పుడల్లా చెప్పు అంటుకుంటోంది. గోడ వారగా చీమల బారు.

గోడౌన్ మొండి గోడలతో మిగిలింది. పైకప్పు రేకులు కూలిపోయాయి. నిదానం గారు బూడిద పక్కకు నెట్టి, కాలని మూలన నేలను చెప్పుతో రుద్దాడు. తర్వాత ఒక మూట ముందు కూర్చుని పైపొర తవ్వాడు. దొంతరలుగా పేర్చి గట్టిగా కట్టిన మూటలు కావడంతో నడిమధ్య కప్పులు కాలకుండా ఉన్నాయి. ఒకటి లాగి సహాయకురాలికి ఇచ్చాడు. అంచు నలగలేదు. మీద పువ్వు బొమ్మ ఒక పక్కకు ఒరిగి అచ్చయింది. వాసన చూడమంటే చూసింది. పొగ వాసన తప్ప ఏమీ లేదు.

"మీరు ఈ గోడౌన్‌లోకి ఎప్పుడైనా వచ్చారా?"

"ఎందుకొస్తాం సార్? ఇన్నాళ్ల నిలవ సరుకు. తలుపు తీస్తే చాలు కడుపులో తిప్పేస్తుంది."

"తీశారా?"

మేనేజరు రుమాలు కిందికి లాగాడు. "లేదు సార్."

తాళంచెవి కాంట్రాక్టరు దగ్గరే ఉండేదట. కంపు బాధ్యత ఇంకొకరు నెత్తిన వేసుకుంటే కాదనేదెవరు? మంట ఆరాక తాళం తెరిచి గడియకు వేలాడుతూ కనిపించింది. వాచ్‌మన్ శవం లోపల నీళ్ల గొట్టం పక్కన దొరికింది. ఆయన సైకిలు గేటుకి అడ్డంగా, స్టాండు వెయ్యకుండా పడి ఉందట. హ్యాండిల్‌కి ఖాళీ టిఫిన్ డబ్బా సంచి ఇంకా తగిలించే ఉంది.

కాంట్రాక్టరు లారీ షెడ్‌లో దొరికాడు. భారీ మనిషి, కళ్లు ఉబ్బి ఉన్నాయి. భుజం మీద మేనకోడలు. తండ్రి పోయినప్పటి నుంచి పిల్ల తనను వదలడం లేదన్నాడు. బావ గురించి అడగ్గానే పాప తలలో ముఖం దాచుకున్నాడు. ఆ దుఃఖం నాటకం కాదని సహాయకురాలికి అనిపించింది. నిజానికి కాదు కూడా.

"గోడౌన్‌లో పెట్టిన కప్పులు బాగా తడిగా ఉండేవా?"

"తడేమిటి సార్, మూటల్లోంచి పాలు ధారగా కారేవి. లారీలు కడగలేక చచ్చేవాళ్లం. షాపుల నుంచి నేరుగా తెచ్చి గోడౌన్‌లో పడేసేవాణ్ని. ఈ పని ఇంకెవడి వల్లా కాదు."

"మీ బావ సిగరెట్ కాల్చడం చూశారా?"

"చూశాను. పోయినవాడి మీద చెప్పడం నాకూ ఇష్టం లేదు."

తిరిగి వస్తూ సహాయకురాలు దారంతా ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. ఆయన మాత్రం పోలీసు ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేశాడు.

మరుసటి రోజు మిల్లు ఆఫీసు గదిలో అందరూ కూర్చున్నారు. మేనేజరు, సంఘం కార్యదర్శి, కాంట్రాక్టరు, అతని చెల్లెలు. పాప మామయ్య భుజం మీద నిద్రపోతోంది. ఇన్‌స్పెక్టరు తలుపు దగ్గర నిలబడ్డాడు. నిదానం గారు నిదానంగానే మొదలుపెట్టాడు.

పాలు కారే మూటలు ఇన్నాళ్లు నిలవున్న చోట నేల జిగటగా ఉండాలి. గోడౌన్‌లో కాలని మూలన కూడా నేల పొడిగానే ఉంది. అక్కడ కాపలా కాసే మనిషి చొక్కాకి కంపు అంటలేదు. తడి కప్పులైతే రగిలి రగిలి పొగ చిమ్ముతాయి. ఇవి గడ్డివాములా భగ్గుమన్నాయి. ఎందుకంటే వాటిలో ఎవరూ కాఫీ తాగలేదు. కప్పుల ఫ్యాక్టరీలో అచ్చు చెడి తీసేసిన కొత్త కప్పులు అవి.

కార్యదర్శి ముఖం పాలిపోయింది. మరి మా షాపుల కప్పులేమయ్యాయని అడిగాడు.

"ఊరి చెత్తకుప్పలో ఉన్నాయండీ. మీ షాపుల్లో జనం మూతలూ, తినగా మిగిలినవీ, చేతులు తుడుచుకున్న కాగితాలూ అన్నీ ఒకే డబ్బాలో పడేస్తున్నారు. ఏరడానికి వీలైన కొద్దిపాటే షెడ్‌కి చేరుతోంది. మిగతాది ఈయన వల్ల కాలేదు. కాలేదని చెప్పే ధైర్యమూ లేదు. మీకు మూటలు గోడౌన్‌కి దిగుతూ కనిపించాలి. కొత్త కప్పులవి దించాడు. కంపని చెబితే చాలు, మీలో ఒక్కరూ తలుపు తియ్యలేదు. యంత్రం తిప్పే రోజు తియ్యక తప్పదు గనక ముందు రోజే తగలబెట్టాడు."

"కంచే చేను మేసింది," అని గొణిగాడు మేనేజరు. తలుపు తియ్యని మనిషికి సామెతలకేం తక్కువ.

నిదానం గారు ఆవిడ వైపు తిరిగాడు. ఇప్పుడాయన గొంతు ఇంకా తగ్గింది.

"మీ ఆయన ఇంటికి బయలుదేరాడమ్మా. డబ్బా సంచి సైకిలుకి తగిలించుకున్నాడు. దారిలో పొగ చూసి వెనక్కి తిరిగాడు. స్టాండు వేసే తీరిక కూడా లేక సైకిలు గేటులోనే పడేసి, నీళ్ల గొట్టం కోసం లోపలికి పరిగెత్తాడు. తాళంచెవి ఆయన దగ్గర లేదు. తలుపు అప్పటికే తెరిచి ఉంది. నిప్పు ఆయనది కాదు. ఇక కాల్చాడని చెప్పింది ఒకే ఒక్క మనిషి. ఆ మాట అవసరమైందీ ఆ మనిషికే. మీ ఆయన ఒట్టు తప్పలేదు."

కాంట్రాక్టరు పాప వీపు నిమురుతూనే ఉన్నాడు.

"బావ గేటు దాటి వెళ్లడం చూశాకే అంటించాను చెల్లీ," అన్నాడు చివరికి. "ఆయనకేం కాకూడదనే కదా నీతో ఫోన్ చేయించాను. మళ్లీ వస్తాడని కలలో కూడా అనుకోలేదు."

"సిగరెట్ మాట ఎందుకన్నావు?"

"ఎవరో ఒకరి మీద పడాలి కదా. పోయినవాడికి ఇంకేం నష్టంలే అనుకున్నాను."

ఆమె అతన్ని చూసింది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. లోపల ఏదో ఉండాల్సిన చోట ఏమీ లేదనిపించింది. మనసు బండబారిపోవడమంటే ఇదే కాబోలు అనుకుంది. ఇన్‌స్పెక్టరు ముందుకు వచ్చాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టి ఆయన్ని ఒక్క క్షణం ఆపింది.

"పాపని ఇలా ఇయ్యి అన్నయ్యా."

అతను వంగాడు. పాప నిద్రలో మామయ్య చొక్కా గుప్పిట బిగించి పట్టుకుని ఉంది. ఆమె ఆ చిన్న వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది.