పసుపు చీటీలు

మీలో ఎంతమంది దగ్గర పసుపు చీటీ ఉంది? ముందు దానికి జవాబు చెప్పండి. దెయ్యాలున్నాయా లేవా అన్నది తర్వాత వాదించుకుందాం. ఆ వాదన నేను మూడు కాలేజీల్లో చేశాను, లేవన్న పక్షాన. మూడు చోట్లా కప్పు మాదే.

మాది అంటే నాదీ స్టెఫీదీ. డిబేట్లలో తను నా జోడీ. వాళ్ల నాన్న జయపాల్ అంకుల్‌కి నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో సమాధిరాళ్ల దుకాణం. మెదక్ నుంచీ జహీరాబాద్ నుంచీ చర్చివాళ్లు వచ్చి పేర్లు రాసిచ్చి వెళతారు. రాజయ్య తాత చెక్కుతాడు. ఈ ఏడాది, రెండువేల మూడులో, అబిడ్స్‌లో వెబ్ డిజైనింగ్ నేర్చుకుని, నేను కట్టిన మొదటి సైట్ ఆ దుకాణానిదే.

దుకాణం ముందుగదిలో ఒక నమూనా రాయి ఉంటుంది. కింద ‘ప్రభువునందు నిద్రించెను’ అని ఒక్క వరస. పైన అంతా ఖాళీ. దాన్నే ఫోటో తీసి సైట్లో పెట్టాను. బోసిగా కనిపించింది. అందుకని కంప్యూటర్లో ఆ ఫోటో మీద అక్షరాలు దిద్దాను. స్టెఫీ. దాని కింద తను పుట్టిన ఏడు 1982, ఒక అడ్డగీత. గీత పక్కన జాగా వదిలేశాను.

అంకుల్ చూసి కళ్లజోడు తీసేశాడు.

“తీసెయ్ బిడ్డా. నమూనా మీద పేరు ఉండొద్దు. మా నాయన కాలం నుంచీ గంతే.”

“ఇది రాయి కాదంకుల్, బొమ్మ.”

“చూసెటోళ్లకు రెండూ ఒకటే కదా.”

“ఉండనీ డాడీ,” అని స్టెఫీ నవ్వింది. “కప్పుల మీద కూడ నా పేరు గింత మంచిగ రాయలే.”

తర్వాత మారుస్తానన్నాను. మార్చలేదు. నా ధ్యాసంతా పేజీ అడుగునున్న కౌంటర్ మీదే. ఎవరు పేజీ తెరిచినా అందులో ఒక అంకె పెరుగుతుంది. వారం తర్వాత చూస్తే తొమ్మిది. అందులో ఎనిమిది నేనే.

పౌరుషం వచ్చింది. సైట్ అడ్రస్‌తో ఐదువందల పసుపు చీటీలు అచ్చు వేయించాను. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తున్న ప్రతివాడి చేతిలో పెట్టాను. గురువారానికి కౌంటర్ రెండువందలు దాటింది. స్టెఫీకి మిర్చీ బజ్జీలు తినిపించాను.

శుక్రవారం రాజయ్య తాత పిలిచాడు.

“గీ పేరు ఎవలు చెక్కిన్రమ్మా? నేనైతే కాదు.”

నమూనా రాయి మీద, మేకుతో గీసినట్టు, సన్నగా... స్టెఫీ. తాత అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. ఇవి కోసుగా ఉన్నాయి. నేను కంప్యూటర్లో ఎంచుకున్న అక్షరాలు.

ఆదివారం చర్చి అయ్యాక నేనూ స్టెఫీ దుకాణానికి వెళ్లాం. ఆ బొమ్మ తీసేయడానికి. షట్టర్ సగం దించి ఉంది. మిట్టమధ్యాహ్నం కూడా లోపల మసక. కోసిన రాతి వాసన, తడి సిమెంటు వాసన. కంప్యూటర్ వెనకగదిలో. మోడెమ్ కీచుమని కూసి, ఊరుకుంది. పేజీ తెరుచుకుంది.

ముందుగదిలో... టక్.

“ఎలుక,” అంది స్టెఫీ.

మళ్లీ తెరిచాను. టక్.

ఎలుకకి ఇంత క్రమశిక్షణ ఉండదు. రుజువు కావాలి నాకు. మూడోసారి తెరిచాను. టక్. స్టెఫీ లేచి రాయి దగ్గరికి వెళ్లింది. వంగి చూసింది.

“వైశాలీ... జర ఆగు.”

“ఏమైంది?”

“లోతైతుంది.”

చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. మౌస్ ముట్టలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు... బయట ఆటో పోయిన చప్పుడు...

టక్.

“నువ్వేనా?” గుసగుసగా అడిగింది.

“కాదు.”

“మరెవలు?”

ఐదువందల చీటీలు. ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

బొమ్మ తీసేశాను. తర్వాత పేజీలు. తర్వాత మొత్తం సైట్. ఒక్క ఫైలు కూడా ఉంచలేదు. పోయిందో లేదో చూడాలంటే ఇంకోసారి తెరవాలి.

“చూడకు,” అంది స్టెఫీ.

చూశాను. తెల్లటి తెర. ‘ఈ పేజీ లేదు’ అని ఒక్క ముక్క ఇంగ్లీషులో. హమ్మయ్య అనుకుని తెరని కిందికి జరిపాను. అడుగున కౌంటర్. దాన్నీ తీసేశాను కదా... 241.

టక్.

స్టెఫీ వెనకగదిలోకి వచ్చి మెడ దగ్గర తుడుచుకుంది. వేళ్లకు బూడిదరంగు పొడి అంటింది. రాయిని తను ముట్టుకోలేదు.

“నొప్పి ఉందా?”

“నొప్పి లేదు. ఎవలో పేరు పెట్టి పిలిచినట్టు అయితుంది.”

తాత ఆ గాట్లలో సిమెంటు నింపాడు. తెల్లారేసరికి అది పొడిపొడిగా నేల మీద రాలి ఉంది. పగలగొడదామన్నాను. సుత్తి ఎత్తి, మెల్లగా దించేశాడు. “పేరున్న రాయిని పగలగొట్టొద్దమ్మా. పేరు గల్లోళ్లకు తగుల్తది.” అంకుల్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. రాయి ముందు స్టూలు వేసుకుని కూర్చుంటున్నాడు, చప్పుడైనప్పుడల్లా తన అరచెయ్యి అడ్డం పెడుతూ.

రాయి మీద ఇప్పుడు 1982, అడ్డగీత కూడా దిగాయి. నేను జాగా వదిలిన చోట, గీత పక్కన, 200 ఉంది. దాని పక్కన 3లో పై సగం. కింది సగం ఇంకా రాలేదు.

కాబట్టి వాదన వద్దు. నేను చెప్పింది మీరు నమ్మక్కర్లేదు. నేనైనా నమ్మేదాన్ని కాను. కానీ చీటీ మీ పుస్తకంలోనో జేబులోనో ఉంటే బయటికి తీయండి. చించండి. అడ్రస్ గుర్తుంటే మర్చిపోండి. నిజమో కాదో చూద్దామని ఒక్కసారి కూడా తెరవకండి. ఆ ఒక్కసారీ స్టెఫీ మీదే పడుతుంది.