ఛీపోతో షికారు

పొద్దున్నే కాఫీ కప్పుల మధ్య, ప్రెస్సు నుంచి వచ్చిన నమూనా పుస్తకం బల్లమీద ఉంది. అట్టమీద "ఛీపోతో షికారు" అని పెద్దక్షరాలు, కింద చెవులు వేలాడేసుకున్న కుక్క బొమ్మ. రాతా, బొమ్మలూ ఆ ఇంటి డ్రాయింగు టీచరమ్మవే. రిటైరయ్యాక రోజూ కుక్కని తిప్పుతూ చూసినవీ, తనలో తాను అనుకున్నవీ అన్నీ అందులో పెట్టింది.

ఆ కుక్కకి ఆ పేరు ఎవరూ పెట్టలేదు. పిల్లగా ఉన్నప్పుడు గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా ఇంటాయన "ఛీ, పో!" అని కసిరేవాడు. పిచ్చిమొహం, అదే తన పేరనుకుంది! ఆయన పోయాక టీచరమ్మ దాన్ని ఇంట్లోకి తెచ్చుకుని ఎన్ని ముద్దుపేర్లు పెట్టినా ఉలకదు, పలకదు. ఛీపో అంటే చాలు, తోకాడిస్తూ హాజరు.

"పేరు సరే, ఈ పేజీ తీసెయ్యమ్మా," అన్నాడు కొడుకు.

ఆ పేజీలో ఒక గుమ్మం. అవతల కుక్కపిల్ల, ఇవతల గరిటె పట్టుకున్న ఆడమనిషి. కింద ఒకటే వాక్యం: "ఆయన ఆ మాట అన్నప్పుడల్లా మా ఇద్దరిలో ఎవరినన్నారో తెలిసేది కాదు."

"పోయినాయన్ని బజారుకీడుస్తావా? నాన్న ఏనాడైనా నీమీద చెయ్యెత్తాడా?"

"ఎత్తాడని రాయలేదే! అన్నది రాశాను."

"ఆ పేజీ ఉంటే అసలు పుస్తకమే వద్దని ప్రెస్సుకి ఫోన్ చేసేస్తా."

"చేసి చూడు. బొమ్మ నాది, మాట ఆయనది. మధ్యలో నీదేముందిరా?"

కోడలు తడిచేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "ఉండనివ్వండి. అత్తయ్య ఉన్నమాటేగా రాశారు."

"నువ్వు మధ్యలో దూరకు! ఛీ, పో లోపలికి!"

బాల్కనీలో గోళ్ళ చప్పుడైంది. గొలుసు నోట కరుచుకుని ఛీపో పరుగున వచ్చి, కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుని తోకాడించింది.

"పిలిచారుగా, అదొచ్చింది," అంది కోడలు ఉన్నచోటు నుంచి కదలకుండా. "నేను మాత్రం పోను."

కొడుకు మొహంలో నెత్తురుచుక్క లేదు. చిన్నప్పుడు ఆ కేక వినబడితే మంచం కింద దూరేవాడు. టీచరమ్మకి అది గుర్తుంది. ఇప్పుడు అతనికీ గుర్తొచ్చినట్టుంది.

"అమ్మా... అచ్చం నాన్నలాగే అన్నాను కదూ?"

"అచ్చం."

కొడుకు కళ్ళు నిండాయి. ఆవిడకీ గుండె కరిగింది కానీ, పుస్తకం మీద వేసిన చెయ్యి తీయలేదు. "ఏడ్చినా ఆ పేజీ ఉంటుందిరా నాయనా."

"ఉండనీమ్మా." భార్య వైపు తిరిగాడు. "తప్పయిపోయింది."

"ముందు దాన్ని తిప్పుకురండి. మిగతాది తర్వాత చూద్దాం," అందామె.

కిందకి వెళ్ళగానే ఛీపో గొలుసు విడిపించుకుని వీధి చివరిదాకా పరుగుతీసింది. "ఏయ్! ఇదిగో! నిన్నే!" ఎంత అరిచినా తిరిగి చూడదే! బాల్కనీలో అత్తాకోడళ్ళు నవ్వాపుకుంటున్నారు. చివరికి అతను రోడ్డుమీదే గొంతుక్కూర్చుని, చేతులు చాచి బతిమాలాడు.

"ఛీపో... రామ్మా, ఛీపో!"

అది గిరుక్కున తిరిగి పరుగెత్తుకొచ్చింది.

టీచరమ్మ కళ్ళు తుడుచుకుని ప్రెస్సుకి ఫోన్ కలిపింది. "ఒక్క అక్షరం కూడా తీయకండి బాబూ. చివర ఇంకో బొమ్మ ఉంది, సాయంత్రం దాకా ఆగండి."