ఉప్పు కాపడం

సుభాష్‌పల్లి రైల్వే కాలనీలోని ఆ రెండు గదుల ఇంట్లో, వైశాఖం ఎండ దిగుతున్న వేళ, చిలకమ్మ బాణలిలో రాళ్ళ ఉప్పు వేయించింది. చిటపటలు తగ్గాక పాత లుంగీ గుడ్డలో పోసి మూట కట్టింది. నలభై ఏళ్ళుగా చేస్తున్న పనే. జగ్గారావు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసే రోజుల్లో, డ్యూటీ దిగి వచ్చేసరికి ఎడమ భుజం పట్టేసేది. ఈవిడ కాపడం పెట్టేది. "హాయిగా ఉందే సిలకా" అనేవాడు. రోజంతా రైల్వే స్కూల్లో ఎక్కాలు చెప్పి గొంతు పోయిన టీచరు చిలకమ్మకి ఆ ఒక్క మాట చాలు.

ఇప్పుడాయనకి వెన్నులో క్యాన్సరు. ఎడమ భుజం మీద చిన్న పట్టీ ఒకటి అంటించి ఉంది. అందులోది ఫెంటానిల్. ఫ్యాక్టరీలో తయారయ్యే నొప్పిమందు, మార్ఫిన్‌కంటే ఎన్నో రెట్లు గట్టిది. చర్మంలోంచి మూడు రోజులపాటు కొద్దికొద్దిగా దిగాలి. వేడి తగిలితే గబగబా దిగిపోతుంది. ఆ సంగతి మందు పెట్టె లోపలి కాగితంలో ఇంగ్లీషులో రాసి ఉంది. చిలకమ్మకి ఇంగ్లీషు రాక కాదు. చదవలేదు. అంతే.

"భుజం పీకేస్తందే. కాపడం ఎట్టవూ?"

పెట్టింది. ఆయన నిద్రపోయాడు. ఎన్నాళ్ళకి నిద్రపోయాడో అని మురిసిపోయింది కూడా.

ఇంతలో కాలబైశాఖి, ఆ ఊళ్ళో ఎండాకాలం సాయంత్రాలు విరుచుకుపడే గాలివాన, కమ్ముకొచ్చింది. నాలుగింటికే గది చీకటైపోయింది. కరెంటు పోయింది. తడిమట్టి వాసన, దానిలో కలిసి వేడి ఉప్పు వాసన. ఆయన గురక ఒకసారి వినబడింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒకటి... పెదాలు నేరేడు రంగుకి తిరిగాయి.

పక్క సందులో ఉండే రెబెక్కా, ఇలాంటి రోగుల్ని ఇళ్ళకి వచ్చి చూసే నర్సు, చిలకమ్మ ఫోనందుకుని పరిగెత్తుకొచ్చింది. కనురెప్ప ఎత్తి చూసింది. కంటిపాప సూదిమొనంత.

"ఏటి సేసినావు పిన్నీ!" మూట లాగి పెరట్లో వానలోకి విసిరింది. పట్టీ ఊడబీకింది. తొడకి ఇంజెక్షను పొడిచింది.

రెండు నిమిషాలకి జగ్గారావు కళ్ళు తెరిచాడు. తెరుస్తూనే అరిచాడు. అణిగి ఉన్న నొప్పంతా ఒక్కసారే తిరిగొచ్చింది.

"ఎందుకు లేపినారే... ఎందుకు లేపినారు..."

రెబెక్కా ఆమెని గుమ్మం దగ్గరికి లాగి గొంతు తగ్గించింది. "విను. ఆ పట్టీలో మందు మన బెర్తులో కూసున్న పాసింజరనుకో. నే పొడిసింది నాలాక్సోన్, దానికి ఇరుగుడు. దాన్ని లేపేసి తను కూసుంది. కానీ ఇది గంటలోపే దిగిపోద్ది. పట్టీ మందు ఇంకా తలుపుకాడే ఉంది, చర్మం కింద. సీటు కాళీ అయితే మళ్ళీ కూసుంటది. దారిలో చెట్టు పడి అంబులెన్సు రైలు గేటు అవతలే ఆగిపోనాది. మొయ్యడానికి మనుషుల్ని తెస్తాను. ఊపిరి లెక్కెట్టు. నిమిషానికి పది లోపైతే ఇది పొడిసీ." నింపిన సిరంజి ఒకటి ఆమె చేతిలో పెట్టి వానలోకి వెళ్ళిపోయింది.

చిలకమ్మ చేతి గడియారం కంటికి దగ్గరగా పట్టుకుంది. పదమూడు. పన్నెండు. అరుపులు మూలుగులయ్యాయి. మూలుగులు ఆగిపోయాయి. పది.

తొమ్మిది.

సిరంజి మూత తీసింది. చల్లటి వేళ్ళు ఆమె మణికట్టు పట్టుకున్నాయి.

"ఒద్దే సిలకా... ఆ నొప్పి మళ్ళీ ఒద్దు."

"మరి నువ్వు పోతే నానేటైపోను?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఒక్క నిమిషం చూద్దామనుకుంది. ఒక్క నిమిషమే. ఎనిమిది... ఏడు... సిరంజి పట్టిన చెయ్యి కదల్లేదు. ఇంకొక్క నిమిషం...

పది.

పన్నెండు.

చిలకమ్మకి ఏడుపొచ్చింది. సిరంజికి మూత పెట్టేసింది. చీకట్లో ఊపిరి నిండుగా, తీరిగ్గా వస్తోంది. వేడి ఉప్పు వాసన మళ్ళీ తగిలింది.

"హాయిగా ఉందే సిలకా."

నీళ్ళు నిండిన దారులు దాటుకుని, రాత్రి తొమ్మిది దాటాక ఇద్దరు మనుషులతో రెబెక్కా తిరిగొచ్చింది. టార్చి వేసింది. ఆయన మెడ పట్టి చూసింది. చెయ్యి ఎత్తబోయింది. అది వంగలేదు.

"పిన్నీ... ఎప్పుడు ఆగిపోనాది?"

"ఆగలేదమ్మా. ఇప్పుడే పద్నాలుగు."

"ఒళ్ళు కొయ్యబారిపోనాది. నే ఎళ్ళిన కాసేపటికే..." టార్చి వెలుగు ఎడమ భుజం మీద పడింది. అక్కడ అదే లుంగీ గుడ్డ మూట ఉంది. పొడిగా. రెబెక్కా తియ్యబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. వేళ్ళు కాలాయి.

వంటింట్లో పొయ్యి చల్లగా ఉంది. పెరట్లో వాన పడుతూనే ఉంది.

చిలకమ్మ సిరంజి ఒళ్ళో పెట్టుకుని గడియారం వైపే చూస్తోంది. "పదిహేను" అంది.

రెబెక్కా పెదాలు కూడా చప్పుడు లేకుండా కదులుతున్నాయి... ఊపిర్లు లెక్కపెడుతూ.